అవ్వ బొటనవేలు

రండి, ఆ బొంత మీదే కూర్చోండి. మాసిపోతుందని మొహమాటపడొద్దు, బొంత ఉన్నదే మాయడానికి. కర్నూలుకు చలేమిటని నవ్వేవాళ్ళు డిసెంబరు రాత్రి నాపరాయి బండల మీద ఉత్తకాళ్ళతో నిలబడి చూడాలి. గిన్నెలో ఉగ్గాని ఉంది, మిరపకాయ బజ్జీలు నాలుగున్నాయి. తింటూ వినండి. ఇవాళ్టి కబురు మరీ చిన్నది, బొటనవేలంత. కుట్టు మిషను సూది పక్కన నిలబడి ఉండే ఫుట్టు గురించి.

నిన్న సాయంత్రం మా వీధి చివరి ఇంటి పిల్ల వచ్చింది. కొత్తగా మిషను కొనుక్కుంది. "అక్కా, బొంత మీద చేత్తో ఎటంటే అటు తిప్పి ముగ్గు మాదిరి కుట్టాలని ఉంది. ఫ్రీ మోషన్ అంటారంట. అంగట్లో ఫుట్టు అడిగితే ఏడు రకాలు బల్ల మీద పోసినాడు. ఏది తీసుకోవాల?" అంది. ఏడింటినీ చూసి బెదిరి, ఏదీ కొనకుండా తిరిగొచ్చింది. మంచి పని చేసింది. నేనైతే మొదట్లో మూడు కొన్నాను. రెండు ఇప్పటికీ బిస్కెట్ల డబ్బాలో గుండీల మధ్య పడి ఉన్నాయి.

ఆ పిల్లకు జవాబు చెప్పాలంటే మా అవ్వ దగ్గర మొదలుపెట్టాలి. ఆమెది జమ్మలమడుగు వైపు పల్లె. ఎండాకాలం మధ్యాహ్నాలు బొంతలకాలం. ఇంట్లో చిరిగిన చీరలూ పంచెలూ ఏడాదంతా ఒక మూటలో చేరుతుండేవి. బండలు కడిగి, ఆరాక, అడుగున ముతక పంచె పరిచేది. దాని మీద దేనికీ పనికిరాని ముక్కలు, ఆ పైన మెత్తబడిన చీర. నాలుగు మూలలా నాలుగు రాళ్ళు. నాపరాయి బండ నున్నగా ఉంటుంది కాబట్టి కింద పొర ముడత పడితే అరచేత్తో తడిమితే తెలిసిపోతుంది. ఆ పనికి అంతకంటే మంచి బల్ల నేను ఎక్కడా చూడలేదు. తర్వాత అంచు నుంచి లోపలికి కుట్టుకుంటూ వచ్చేది. చదరంలో చదరం, దానిలో ఇంకో చదరం, నడిమికి చేరేదాకా.

చిన్నప్పుడు ఆమె కుడిచేతినే చూసేదాన్ని. సూది ఉన్నది అందులో కదా. పని చేస్తున్నది ఎడమచెయ్యి అని నాకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు. సూదిని పైకి లాగే ప్రతిసారీ ఎడమ బొటనవేలు దాని పక్కనే గుడ్డను నొక్కి పెట్టేది. దారం పూర్తిగా వచ్చాక వేలు లేచేది, అర అంగుళం జరిగేది, మళ్ళీ నొక్కేది. ఎందుకవ్వా అట్లా అంటే, "పట్టకపోతే గుడ్డ సూదితోపాటే లేస్తాది గదమ్మా" అంది.

ఈ మాట గుర్తు పెట్టుకోండి. ఫుట్టు శాస్త్రమంతా ఇందులోనే ఉంది.

బొంత అన్న మాటకూ మా అవ్వ జిల్లా కడపకూ ఒక చుట్టరికం ఉంది. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చిన సి.పి. బ్రౌన్ ఆ తర్వాత వేసిన తెలుగు నిఘంటువులో ఈ మాటకూ చోటిచ్చాడు. సంస్కృతంలో దీన్నే కంథ అంటారు. బెంగాలు వాళ్ళ కాంథా కుట్టు పేరు కూడా ఆ కోవదే. ఆదోని దాటి కర్ణాటకలోకి పోతే మన బొంతే కౌది అవుతుంది. బొంతజెముడుకు మాత్రం దీనితో సంబంధమేమిటో నన్నడగకండి. ముళ్ళచెట్టు మీద ఎవరు పడుకుంటారు?

మిషను దగ్గరకు వద్దాం. యంత్రాలంటే అంతగా గిట్టని గాంధీగారు సింగర్ కుట్టు మిషనును మాత్రం మినహాయించారు. భార్య చేత్తో కుట్టుకుంటూ పడే కష్టం చూడలేక, ప్రేమకొద్దీ సింగర్ దాన్ని చేశాడని ఆయన నమ్మకం. సింగర్ 1851లో పేటెంటు తీసుకున్న మాట నిజమే. అయితే ఆ దొరకు కాపురం ఒకటి కాదు, బిడ్డలు ఇరవై మందికి పైనే. ఎవరి కష్టం చూసి కరిగాడో ఆయనకే తెలియాలి.

మా ఇంటి నల్ల తల మిషను గాంధీ జయంతి నాడే మునిగింది. 2009 అక్టోబరు 2. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కసారిగా ఊరిమీద పడ్డాయి. ఎప్పుడూ నీళ్ళు లేవని ఏడ్చే ఊరు నీళ్ళలో మునిగింది. ఇంటికి తిరిగొచ్చేసరికి మిషను బురదలో మెడదాకా కూరుకుపోయి ఉంది. చెక్క ఉబ్బింది, బెల్టు కుళ్ళింది. ఇనుమును మాత్రం కిరసనాయిలు, మిషనాయిలు పోసి వారం రోజులు తుడిచి బతికించుకున్నాం. అన్నిటికంటే మొండికేసింది ఫుట్టును కడ్డీకి పట్టి ఉంచే చిన్న మర. తుప్పు పట్టి కదలనంది. చివరికి అది ఊడి వచ్చాక, ఫుట్టు లేని మిషనును చూస్తే బోడిగా అనిపించింది. నిజానికి ఫుట్టు గురించి ఆలోచన పుట్టింది ఆ రోజే. ఇది లేకపోతే ఏమవుతుంది?

ఏమవుతుందో చూద్దాం. మామూలుగా కుట్టేటప్పుడు గుడ్డను వెనక్కి లాగేది మనం కాదు. సూది కింద ప్లేటులోంచి పైకి తొంగిచూసే పళ్ళు. పైకి లేచి, వెనక్కి జరిగి, కిందికి దిగి, ముందుకొచ్చి, మళ్ళీ లేస్తాయి. ఈ నాలుగు కదలికల పళ్ళకు అలెన్ విల్సన్ అనే అమెరికావాడు 1854లో పేటెంటు తీసుకున్నాడు. ఫుట్టు పైనుంచి గుడ్డను ఆ పళ్ళకు అదిమి పెడుతుంది. ఇద్దరూ కలిసి తిన్నగా నడిపిస్తారు. ముగ్గు కుట్టాలంటే తిన్నని నడక పనికిరాదు కాబట్టి, విల్సన్ గారి తెలివినంతా పక్కన పెట్టి ముందు ఆ పళ్ళను దించేస్తాం. కొత్త మిషన్లలో దానికి చిన్న మీట ఉంటుంది. పాత నల్ల మిషన్లలో కొన్నిటికి అడుగున మర ఉంటుంది, కొన్నిటికి ఏమీ ఉండదు. లేనివాళ్ళు కుట్టు పొడవును సున్నాకు తిప్పి, పాత పోస్టుకార్డు ముక్కకు సూది పట్టేంత చిల్లు పెట్టి పళ్ళ మీద అతికించుకుంటే సరిపోతుంది. ఇక గుడ్డ మన చేతుల్లోది. ముందుకు, వెనక్కు, పక్కకు, మీ ఇష్టం.

పళ్ళు పనిలో లేనప్పుడు ఫుట్టుకు పనేముందని మీకు అనిపించాలి. నాకూ అనిపించింది. మిషను ఎంబ్రాయిడరీ చేసే టైలర్లను చూడండి, ఫుట్టు తీసేసి, గుడ్డను రింగులో డోలు చర్మంలా బిగించి, ఉత్త సూది కిందే పూలూ నెమళ్ళూ తిప్పేస్తారు. నేనూ అట్లాగే బొంతను సూది కింద పెట్టాను. పది కుట్లలో నాలుగు తప్పాయి. దారం రెండుసార్లు తెగింది. మూడోసారి తెగింది దారం కాదు, నా ఎడమ చూపుడువేలి గోరు. ఎందుకంటారా, గుడ్డ లేస్తోందని నొక్కిపెట్టడానికి వేలు దానంతట అదే సూది పక్కకు పోయింది. అవ్వ రక్తం కదా, ఊరుకుంటుందా?

మిషను కుట్టు పడే తీరు చూస్తే ఆ తప్పు అర్థమవుతుంది. సూది అట్టడుగుకు దిగి, మళ్ళీ పైకి వెంట్రుకవాసి లేచేసరికి, దారం సూదితోపాటు లేవలేక వెనక చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. అడుగున తిరిగే కొక్కెం మొన సరిగ్గా ఆ క్షణాన వచ్చి ఆ ఉచ్చును అందుకుని, బాబిన్ దారం చుట్టూ తిప్పుకొస్తుంది. అప్పుడే కుట్టు. సూది లేచేటప్పుడు గుడ్డ కూడా దాన్ని అంటుకుని లేచిందనుకోండి, ఉచ్చు పడదు. కొక్కెం ఖాళీగా తిరిగిపోతుంది. రింగులో బిగించిన పల్చటి గుడ్డ లేవదు, కాబట్టి ఎంబ్రాయిడరీ వాళ్ళకు ఫుట్టు అక్కర్లేదు. నాలుగు పొరల బొంతను రింగులో బిగించడం గాడిదకు గాజులు తొడగడమే.

గుడ్డ కదలాలి, సూది లేచేటప్పుడు మాత్రం కదలకూడదు. అంటే కావలసింది నొక్కుతూ, వదులుతూ ఉండే వేలు. అదే డార్నింగ్ ఫుట్. మా వీధి పిల్లలు దీన్ని ఎగిరే ఫుట్టు అంటారు. చూడ్డానికి ఎవరో అవిటిగా చేసినట్టుంటుంది. ఒక కడ్డీ, దాని చుట్టూ స్ప్రింగు, కింద ఒక చిన్న వలయం, పైన పక్కకు చాచిన ఒక చెయ్యి. ఆ చెయ్యి సూదిని బిగించే మర పైన కూర్చోవాలి, కింద కాదు. సూది లేచినప్పుడు ఆ మర చేతిని ఎత్తుతుంది, వలయం గుడ్డను వదిలేస్తుంది, మీరు గుడ్డను జరుపుకుంటారు. సూది దిగినప్పుడు స్ప్రింగు వలయాన్ని కిందికి తోస్తుంది, గుడ్డ ఆగుతుంది, ఉచ్చు పడుతుంది. కోడి గింజలేరుకున్నట్టు టకటకా ఎగురుతూ దిగుతూ ఉంటుంది. దాన్ని మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. రెండు నిమిషాలకు నవ్వు ఆగింది. అదే బొటనవేలు, అదే లేవడం, అదే నొక్కడం.

ఇప్పుడు ఆ అంగడి బల్ల మీది ఏడింటి సంగతి. ముందు ఫుట్టును చూడకండి, మీ మిషనును చూడండి. ఉన్న ఫుట్టును కిందికి దించి, దాని మర నడిమి నుంచి కింద ప్లేటు దాకా స్కేలు పెట్టండి. ముప్పాతిక అంగుళం దగ్గర ఉంటే లో షాంక్. అంగుళం దాటితే హై షాంక్. ఇళ్ళల్లో ఉండే నల్ల తల మిషన్లు, ఇప్పటి తెల్లటి ఉషా జనోమ్ మిషన్లు చాలావరకు లో షాంకే. పెద్ద టైలర్ల దగ్గర మోటారుతో గిర్రున తిరిగే జూకీ రకం మిషన్లు హై షాంక్. అన్నట్టు ఆ జూకీ 8700 నిమిషానికి 5,500 కుట్లదాకా పోగలదు. దాని మీద ముగ్గు నేర్చుకోవాలనుకునేవాళ్ళు ముందు వేళ్ళకు దిష్టి తీయించుకోండి. ఫుట్టు 'టక్' అని ఊడి 'టక్' అని పట్టే కొత్త మిషన్లయితే, అది తగులుకునే ముక్కను, అంటే చీలమండను కూడా మర విప్పి తీసేశాకే ఈ ఫుట్టు బిగించాలి. ఆ పిల్ల అది తెలియక, చీలమండకే తగిలించే ఫుట్టు కావాలని అంగట్లో పట్టుబట్టిందట.

కొలత కుదిరాక వలయం. మూసి ఉన్నది, ముందు వైపు తెరిచి ఉన్నది, గాజులాంటి ప్లాస్టిక్కుది. ముగ్గు గీతను చూసుకుంటూ కుట్టాలంటే తెరిచినదే మేలు, సూది ఎక్కడ దిగుతుందో కళ్ళకు కట్టినట్టు కనబడుతుంది. అందరూ దాన్నే కొనమంటారు. నేను మాత్రం మీ బొంత ఏదో చూసి చెబుతాను. అవ్వ రకం బొంత, అంటే ముక్కల అంచులు లేచి, పోగులు ఊడి, అక్కడక్కడా అతుకులున్న పాత చీరలదైతే, తెరిచిన ఫుట్టు రెండు కొనలూ ఆ అంచుల కిందికి దూరి పట్టుకుంటాయి. బొంత ఆగిపోతుంది, చేతులు ఆగవు, సూది వంగుతుంది. నా డబ్బాలో పడి ఉన్న రెండింటిలో ఒకటి ఇదే. పాత గుడ్డకు మూసిన వలయం, కొత్త సాదా గుడ్డకు తెరిచినది. ప్లాస్టిక్కుది కొన్నాళ్ళు బాగానే ఉంటుంది, తర్వాత గీతలు పడి మసకేస్తుంది. అది నా డబ్బాలో రెండోది.

రూలర్ ఫుట్టని ఒకటుంది. వలయం అంచు మందంగా గోడలా ఉంటుంది. మందపాటి అచ్చుపలకను దానికి ఆనించి జరిపితే వంపులు తీర్చినట్టు వస్తాయి. పల్చటి మామూలు ఫుట్టుతో ఆ పలకను వాడకూడదు, ఫుట్టు కిందికి జారితే సూది పలక మీద దిగుతుంది. మనవాళ్ళు తెలివైనవాళ్ళు, పలకకు బదులు చేతిగాజు పెట్టి చూస్తారు. గాజు బోర్లించి సుద్దముక్కతో గుండ్రం గీసుకోవడం వేరు, నడుస్తున్న సూది పక్కన గాజు పెట్టడం వేరు. వద్దు. ఇక వాకింగ్ ఫుట్టు ముగ్గులకు కాదు, తిన్నటి గీతలకు. పైపొరనూ కిందపొరనూ సమంగా నడిపిస్తుంది. నిజం చెప్పాలంటే అవ్వ చదరాలకు సరిపోయేది అదే. ముగ్గు మీద మోజు లేనివాళ్ళు అది కొనుక్కుని సుఖంగా ఉండొచ్చు.

బొంత మందం సంగతి చెప్పలేదు. ఫుట్టు ఎత్తు దాన్ని బట్టే ఉంటుంది. మా అవ్వ బొంతల్లో దూది ఉండేది కాదు. మా ఎండలకు బొంత కప్పుకునేది కాదు, పరుచుకునేది. దూది కావాలంటే దూదేకులవాళ్ళు ఏకి ఇచ్చేవాళ్ళు, అది పరుపులకు పోయేది. పత్తికి కొరతేమీ లేదు. నంద్యాలలో 1906 నుంచే పత్తి మీద ప్రభుత్వ పరిశోధన సాగుతోంది, నరసింహ అనే రకం అక్కడిదే. ఆదోని మార్కెట్టు సీజన్లో తెల్లగా పండుతుంది. (ఆదోనిని రెండో బొంబాయి అంటారు. ప్రొద్దుటూరునూ రెండో బొంబాయి అంటారు. ఏది రెండోది, ఏది మూడోది అని ఇరువైపుల చుట్టాలున్న మా ఇంట్లో తేల్చలేం.) ఇప్పటి పిల్లలు మధ్యలో దూది పొర పెడుతున్నారు. అట్లా పెడితే కుట్లు దగ్గరగా పడాలి, లేకుంటే రెండు ఉతుకులకు దూదంతా ఒక మూలకు చేరుతుంది.

మందం పెరిగితే ఫుట్టు బిగుస్తుంది. పరీక్ష ఒక్కటే. మిషనును తొక్కకుండా చక్రాన్ని చేత్తో తిప్పండి. సూది కింద ఉన్నప్పుడు వలయం గుడ్డను తాకాలి, అణిచిపెట్టకూడదు. సూది పైన ఉన్నప్పుడు గుడ్డ సులువుగా జారాలి. మరీ నొక్కేస్తుంటే గుడ్డ కదలక కుట్లన్నీ ఒకేచోట ముద్దవుతాయి. తాకకుండా గాల్లో ఉంటే కుట్లు తప్పుతాయి. ఎత్తు సర్దుకునే మర ఉన్న ఫుట్టు దొరికితే పది రూపాయలు ఎక్కువైనా అదే తీసుకోండి. అది లేనివాటికి కొందరు పై చేతికి రబ్బరుబ్యాండు చుట్టి ఎత్తుకుంటారు. పని జరుగుతుంది, చూడ్డానికి బాగోదు.

ఇంకొకటి. ఈ ఫుట్టు దించినా లేచి ఉన్నట్టే కనబడుతుంది. అందుకని వెనక మీట దించడం అందరూ మరిచిపోతారు. మీట దించకపోతే పైదారం బిగుసుకోదు. పైన కుట్టు చక్కగానే కనబడుతుంది, తిరగేస్తే కింద కాకిగూడు. మిషను పాడైందని మెకానిక్ దగ్గరకు పరుగెత్తకండి, ముందు మీట చూడండి. సూది పద్నాలుగో నంబరు, బొంత మందమైతే పదహారు. మొద్దుబారితే పారేయండి, సూది దగ్గర పీనాసితనం పనికిరాదు.

ముగ్గుల్లో ఏది కుట్టాలి? మెలికల ముగ్గు. చుక్కల చుట్టూ తిరిగి తిరిగి, మొదలైన చోటికే వచ్చి కలుస్తుంది. చెయ్యి ఎత్తక్కర్లేదు, అంటే దారం తెంపక్కర్లేదు. విదేశాల్లో బొంతలు కుట్టేవాళ్ళు ఇట్లా తెగని గీత కోసం పుస్తకాలకు పుస్తకాలు కొనుక్కుంటారు. మనకు వాకిట్లో రోజూ ఉన్నదే. దించుకోవడానికి మగ్గం వర్కు వాళ్ళ పద్ధతి మేలు. ట్రేసింగ్ కాగితం మీద ముగ్గు గీసి, గీత పొడవునా సూదితో పొడిచి, పైన పొడి రుద్దితే చుక్కలు గుడ్డ మీదికి దిగుతాయి. వాళ్ళు కిరసనాయిలు కలిపి రుద్దుతారు. బొంతకు ఆ వాసన ఎందుకు, సుద్దపొడి చాలు. చేతుల వేగమూ కాళ్ళ వేగమూ కలిసేదాకా కుట్లు ఒకటి చీమంత, ఒకటి మిడతంత పడతాయి. కాలితో తొక్కే మిషను దీనికి మోటారు కంటే మంచిదని నా వాదం. ఎక్కడ ఆపాలంటే అక్కడ ఆగుతుంది, చేతులు రెండూ ఖాళీ.

ఆ పిల్లను ఇవాళ పొద్దున స్కేలు తెమ్మన్నాను. ముప్పాతిక అంగుళం. లో షాంకు, మూసిన వలయం, మర ఉన్నది అని కాగితం మీద రాసిచ్చాను. మధ్యాహ్నానికి తెచ్చుకుంది. బిగించి, పాత లంగా ముక్కలు రెండు పొరలు పెట్టి కూర్చోబెట్టాను. టకటకా మొదలైంది. పది కుట్లు పడ్డాయో లేదో ఎడమ బొటనవేలు మెల్లగా సూది పక్కకు పాక్కుంటూ వస్తోంది. చేతి మీద ఒక్కటి వేశాను. "అక్కా, గుడ్డ లేస్తాదేమో అని" అంది.

అయ్యో, బజ్జీలు చల్లారిపోయాయి. లేవకండి, ఒక్క నిమిషం. మీరు కూర్చున్న బొంతను చూడనేలేదు. ఆ అంచు నుంచి లోపలికి వస్తున్న చదరాలు అవ్వవి, పదకొండు వరసలు. పన్నెండోది సగంలో ఆగింది, అదిగో, మీ మోకాలి దగ్గర. ఆ సూదిని అట్లాగే గుచ్చి పెట్టి పడుకుంది, మళ్ళీ లేవలేదు. నడుమ మూరెడు చోటు చాలా ఏళ్ళు అట్లాగే ఉండిపోయింది. అక్కడ ఉన్న మెలికల ముగ్గు నాది, వరదలో మునిగిన మిషను మీద కుట్టినది. ఎడమవైపు మూడో చుక్క దగ్గర ఒక మెలిక తప్పి పక్కదాన్ని తొక్కింది, తడిమితే తెలుస్తుంది. కాస్త జరగండి, లైటు అటు తిప్పుతాను.